బండి ఇస్తే సరిపోదు, పేరు కూడా మారాలి

మా చిన్నమావయ్యగారి అబ్బాయి ఫ్రాన్సులో ఉంటాడు. మన యానాంలో ఇదేం వింత కాదు. 1954లో పరాసులు వెళ్ళిపోయారు, 1962లో ఒప్పందం అమల్లోకి వచ్చింది. అప్పుడు ఫ్రెంచి పౌరసత్వం కోరుకున్న ఇళ్ళు మన చుట్టుపక్కలే ఉన్నాయి. మొన్న ఫోన్ చేసి, "వదినా, కొత్త కారు కొంటున్నాను. పాతది అమ్మబుద్ధి కావట్లేదు. మనూళ్ళో ముసలివాళ్ళ ఆశ్రమానికి ఇచ్చేద్దామా?" అన్నాడు.

అది మిత్సుబిషి ఔట్‌ల్యాండర్, ప్లగ్గిన్ హైబ్రిడ్ రకం. అంటే సెల్‌ఫోన్‌కి పెట్టినట్టు రాత్రిపూట గోడ ప్లగ్గుకి ఛార్జింగ్ పెట్టుకోవచ్చు. నిండా ఛార్జి ఉంటే సుమారు 50 కిలోమీటర్లు కరెంటు మీదే పోతుంది, అది అయిపోతే పెట్రోలు ఇంజను అందుకుంటుంది. కొత్తగా ఉన్నప్పటి లెక్క ఇది. వాడేకొద్దీ బ్యాటరీ బలం తగ్గుతుంది. కుటుంబమంతా ఎక్కే పెద్ద బండి. వినగానే నాకూ ఆశ పుట్టింది. కాకినాడ పెద్దాసుపత్రికి ముసలాళ్ళని తీసుకెళ్ళడానికి ఇంతకంటే ఏం కావాలి?

కానీ కనుక్కుంటే అది రాదండి. వాడిన కారు మన దేశంలోకి తేవాలంటే తయారై మూడేళ్ళు దాటకూడదు, స్టీరింగు కుడిపక్క ఉండాలి, ముంబై రేవులోనే దించాలి. ఫ్రాన్సు కార్లకి స్టీరింగు ఎడమపక్క. ఆపైన కారు ఖరీదును మించే సుంకం. అన్నీ దాటుకుని వచ్చిందే అనుకుందాం, ఆ మూడొందల వోల్టుల బ్యాటరీ పాడైతే ఎవరు చూస్తారు? మా వీధి మెకానిక్కు ఇంజను చప్పుడు విని రోగం చెప్పేస్తాడు గానీ, ఈ కారు చప్పుడే చెయ్యదాయె.

"పోనీ అక్కడే అమ్మి డబ్బు పంపుతా" అన్నాడు. దీనికీ ఒక మెలిక ఉంది. ఫ్రెంచి పౌరుడు ఇక్కడి సంస్థకి ఇచ్చే డబ్బు విదేశీ విరాళం కింద లెక్క. ఆ రిజిస్ట్రేషను ఉన్న సంస్థే తీసుకోవాలి, అదీ ఢిల్లీ స్టేట్ బ్యాంకు మెయిన్ బ్రాంచిలో తెరిచిన ఖాతాలోనే పడాలి. గల్ఫులో ఉన్న మనవాళ్ళకి ఈ బాధ లేదు. భారత పాస్‌పోర్టు ఉన్నవాళ్ళు సొంత సంపాదన బ్యాంకు ద్వారా పంపితే అది విదేశీ విరాళం కాదు. మావాడికి మాత్రం, ముందు ఆ ఆశ్రమానికి రిజిస్ట్రేషను ఉందో లేదో అడగమన్నాను. లేకపోతే అక్కడి బీదలకే ఇవ్వమన్నాను. వాళ్ళూ మనుషులే కదా.

ఇదంతా ఎందుకు రాస్తున్నానంటే, దూరం కారు సంగతి ఎలా ఉన్నా, మన పేటలోనే పాత వ్యానులు దానం ఇచ్చేవాళ్ళున్నారు. మిల్లులో డ్రైవరుగా చేసి రిటైరైన బాబాయి ఒకాయన తన ఓమ్నీ వ్యానుని గోదావరి అవతల ఒక ఆశ్రమానికి ఇచ్చేశాడు. తాళాలు చేతికిచ్చి, కొబ్బరికాయ కొట్టి పంపాడు. సి బుక్కు మీద మాత్రం ఆయన పేరే ఉండిపోయింది. ఏడాది తిరక్కుండా ఆ వ్యాను సైకిలు మీద పోయే మనిషిని గుద్దింది. నోటీసు బాబాయి పేరున వచ్చింది. ఇప్పుడు వాయిదా పడినప్పుడల్లా పిన్ని కూలి మానుకుని ఆయన్ని కోర్టుకి తీసుకెళ్తోంది. ఆయనకి చూపు ఆనదు.

"దానం ఇచ్చినవాడి మీద కేసేంటి?" అని పేటంతా అంది. చట్టం అలా చూడదు. బండి చేతులు మారినా కాగితం మారని ఇలాంటి కేసులోనే, 2009 నాటి ప్రమాదం మీద, 2018 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు తేల్చి చెప్పింది. రికార్డులో ఎవరి పేరుంటే వాళ్ళే యజమాని, నష్టపరిహారం బాధ్యతా వాళ్ళదే. అమ్మినా అంతే, ఊరికే ఇచ్చినా అంతే.

మనకి ఇంకో చిక్కుంది. మన బండ్లు పీవై 04. వంతెన దాటితే వేరే రాష్ట్రం. బండి ఆంధ్రాలో ఉండిపోయేదైతే ఇక్కడి ఆర్టీవో దగ్గర 28వ నంబరు ఫారంతో ఎన్‌వోసీ తీసుకోవాలి. పేరు మార్పుకి 29, 30 ఫారాలు. ఊళ్ళోనే చేతులు మారితే ఇచ్చినవాళ్ళు 14 రోజుల్లో తెలపాలి, బయటి రాష్ట్రమైతే 45 రోజులు. తీసుకున్నవాళ్ళకి 30 రోజులు. పన్నెండు నెలలు మించి అక్కడ ఉంటే మళ్ళీ రిజిస్ట్రేషను, అక్కడి టాక్సూ తప్పవు. బండి మీద లోను ఉంటే ముందు అది తీర్చి, సి బుక్కులో ఫైనాన్సు పేరు కొట్టించాలి. ఇన్సూరెన్సు కూడా వాళ్ళ పేరున మార్పించాలి, దానికి గడువు 14 రోజులు. పన్ను రాయితీ వస్తుందని ఎవరైనా ఊరిస్తే నమ్మకండి. ఆ 80జి రాయితీ డబ్బుగా ఇచ్చినదానికే, వస్తువుకి లేదు.

తీసుకునేవాళ్ళని కూడా ఒకమాట అడగాలి. నేను ఇక్కడి ఆశ్రమం అమ్మగారిని అడిగితే, "బండి వస్తుందమ్మా, డ్రైవరు జీతం ఎవరిస్తారు? ఇన్సూరెన్సు ఎవరు కడతారు?" అంది. వాళ్ళలో ఒకాయనకి వారానికి రెండుసార్లు కాకినాడలో డయాలసిస్. ఆటో మాట్లాడుకుని వెళ్తున్నారు. ఆ ఆటో ఖర్చు మా పేటలో నాలుగిళ్ళం ఈ నెల నుంచి పంచుకుంటున్నాం. బాబాయి కేసు వాయిదా వచ్చే నెల 12న. పిన్నితో ఎవరైనా తోడు వెళ్ళగలిగితే ముందురోజు చెప్పండి.