నెత్తురు చెప్పిన సాక్ష్యము

ఉదయము లేచినది మొదలు చుట్ట ఆర్పక ఎనుబదియేండ్లు నిక్షేపముగ బ్రదికిన తాతగారొకరు మన యూళ్లలో ఇంచుమించు ప్రతి వీధిలోను ఉందురు. పొగ మానుమని యెవరైన మందలించినపుడెల్ల పొగత్రాగువారు ఆ తాతగారినే అడ్డము తెచ్చుకొందురు. వైద్యుడు ఈ మాటను ఊరక త్రోసివేయజాలడు, ఏలయన అందు కొంత నిజము కలదు. ఊపిరితిత్తుల క్యాన్సరు సోకినవారిలో అత్యధికులు పొగత్రాగినవారే యైనను, ఏండ్లతరబడి పొగత్రాగినవారిలో పెక్కుమందికి ఆ వ్యాధి రాకుండుటయు సత్యమే. ఒకే విషమును పీల్చిన యిరువురిలో ఒకరిని ఆ వ్యాధి యేల పట్టుకొనుచున్నది, రెండవవారిని ఏల విడుచుచున్నది? ఈ ప్రశ్నకు సమాధానము నెత్తుటి చుక్కలో దొరకునేమో యను నాశతో శాస్త్రజ్ఞులు అనేక దశాబ్దములుగా శ్రమించుచున్నారు.

రక్తములో కొలువదగిన యిట్టి గుర్తులకు జీవసూచికలని పేరు. అవి యన్నియు ఒక్క సంగతినే చెప్పునవి కావు. ఏ గుర్తు ఏ సంగతికి సాక్షియో తెలిసికొనకపోవుట వలననే ఈ విషయమున పొరపాట్లు జరుగుచున్నవి. శరీరము నికొటినును విఱుగగొట్టునపుడు పుట్టు కొటినిన్ అను పదార్థము, గడచిన రెండుమూడు దినములలో మనిషి ఎంత పొగ పీల్చెనో చెప్పగలదు. తాను ఎన్నడును త్రాగకున్నను, ఇంటిలో పురుషులు విడిచిన పొగను పీల్చిన యిల్లాలి రక్తమునందు సైతము అది కనబడును. అయితే వ్యాధి వచ్చునో రాదో చెప్పుట దానికి శక్యము కాదు. సి.ఇ.ఏ. అను వేఱొక పదార్థము క్యాన్సరు పుట్టిన తరువాత కొందఱిలో పెరుగును గాని, ఏ వ్యాధియు లేని పొగత్రాగువారిలోను అది కొంత హెచ్చుగనే యుండును గనుక, దానినొక్కదానిని చూచి భయపడుటకును వీలులేదు, ధైర్యము తెచ్చుకొనుటకును వీలులేదు.

ఈ చరిత్రలో నాకు మిక్కిలి ముఖ్యముగ తోచు ఘట్టము ఫిన్లాండు దేశమున జరిగినది. మునగాకులోను, క్యారట్ దుంపలోను, పండిన బొప్పాయిలోను ఉండు బీటా కెరోటిన్ అను పదార్థము రక్తములో తక్కువగా ఉన్నవారికి ఊపిరితిత్తుల క్యాన్సరు ఎక్కువగా వచ్చుచున్నట్లు అనేక పరిశీలనలలో తేలెను. 1981లో రిచర్డ్ పీటో, రిచర్డ్ డాల్ మున్నగువారు, ఆహారమందలి బీటా కెరోటిన్ క్యాన్సరును తగ్గింపగలదా యను ప్రశ్నను 'నేచర్' పత్రికలో లేవనెత్తి, దానిని ప్రయోగపూర్వకముగ తేల్చవలెనని కోరిరి. అంతట ఫిన్లాండు నైరుతి ప్రాంతమున 50 మొదలు 69 ఏండ్ల వయస్సుగల 29,133 మంది పొగత్రాగు పురుషులను 1985 నుండి చేర్చుకొని, వారిలో కొందఱికి దినమునకు 20 మిల్లీగ్రాముల బీటా కెరోటిన్, కొందఱికి 50 మిల్లీగ్రాముల విటమిన్-ఇ, కొందఱికి రెండును, తక్కినవారికి మందులేని ఉత్త బిళ్లలును, ఎవరికేది యిచ్చుచున్నారో పుచ్చుకొనువారికిగాని ఇచ్చువారికిగాని తెలియనట్లు, అయిదు మొదలు ఎనిమిదేండ్లవరకు ఇచ్చుచు వచ్చిరి. బిళ్లలు మ్రింగినవారి రక్తములో బీటా కెరోటిన్ అనేక రెట్లు పెరిగెను. సూచిక చక్కబడెను. కాని 1994లో ఫలితములు వెలువడినపుడు, తగ్గునని యెదురుచూచిన వ్యాధి ఆ బిళ్లలు మ్రింగినవారిలో 18 శాతము హెచ్చినట్లు తేలెను.

నమ్మశక్యము కాని యీ ఫలితము ఫిన్లాండునకే పరిమితము కాలేదు. అమెరికాలో పొగత్రాగువారిని, త్రాగి మానినవారిని, ఆస్బెస్టాసు పనులలో నున్నవారిని కలిపి 18,314 మందితో, బీటా కెరోటినుకు విటమిన్-ఏ జతచేసి జరుపుచున్న మఱియొక ప్రయోగములో వ్యాధి 28 శాతము, మొత్తము మరణములు 17 శాతము హెచ్చుగా కనబడుటచే, గడువునకు 21 నెలలు ముందుగనే 1996 జనవరిలో దానిని ఆపివేసిరి.

విచిత్రమేమనగా, మొదట కనబడిన సంబంధము అబద్ధము కాదు. ఫిన్లాండు ప్రయోగములో ఉత్త బిళ్లలు మ్రింగినవారినే తీసికొన్నను, ప్రారంభమున బీటా కెరోటిన్ ఎక్కువగా నున్నవారికే వ్యాధి తక్కువగా వచ్చెను. అయితే రక్తములోని ఆ లోటు వ్యాధికి కారణమని తలచుటలోనే పొరపాటు జరిగినది. పొగత్రాగువారు సాధారణముగ కూరలు, పండ్లు తక్కువగా తిందురు. తిన్న కొలది కెరోటినును సైతము పొగలోని తీక్ష్ణపదార్థములు నశింపజేయును. కనుక ఆ తక్కువ అంకె మనిషి జీవితరీతి కంతకు ఒక గుర్తుగా నుండెను. బిళ్లలతో ఆ అంకెను పెంచుట, పొగను చెదరగొట్టుటకై విసనకఱ్ఱ పట్టి నిప్పును రాజేయుట వంటిదాయెను. ముంగిసను బోలిన ఫెరెట్ అను జంతువులకు అధికమోతాదులో బీటా కెరోటిన్ ఇచ్చి సిగరెట్టు పొగ పట్టించి చూడగా, వాటి ఊపిరితిత్తుల కణములలో క్యాన్సరుకు పూర్వరూపమగు మార్పులు కనబడెను. ఇదంతయు బిళ్లలను గూర్చిన మాటయే గాని, మునగాకు కూరను గూర్చినది గాదని పాఠకులు గ్రహింతురు గాక.

అట్లైన, ఒకే పొగకు కొందఱు లొంగు దుర్బలత్వమునకు నిజమైన సాక్షి యెవరు? పొగలోని బెంజోపైరీన్ అను పదార్థము శరీరములో మార్పుచెంది కణములలోని డి.ఎన్.ఏ.కు అంటుకొని దానిని చెఱచును. కణము ఆ చెడుగును ఎప్పటికప్పుడు కత్తిరించి బాగుచేసికొనుచుండును. ఈ మరమ్మతు చేసికొను శక్తి అందఱిలో ఒక్కరీతిగ నుండదు. ఆరోగ్యవంతుని ఊపిరితిత్తిని కోసి పరీక్షింపరాదు గనుక, శాస్త్రజ్ఞులు రక్తములోని తెల్లకణములను ప్రతినిధులుగ గ్రహించిరి. బెంజోపైరీన్ సంబంధమైన విషముచే ముందుగనే చెఱుపబడిన చిన్న డి.ఎన్.ఏ. వలయమును ఆ కణములలో ప్రవేశపెట్టి, కొన్ని గంటల తరువాత అందలి జన్యువు మరల ఎంత పనిచేయుచున్నదో కొలిచిరి. కణము ఎంత బాగుచేసినచో అంత పని జరుగును. హ్యూస్టన్ నగరపు పరిశోధకులు ఇట్లు కొలిచి, క్యాన్సరు రోగుల కణములలో ఈ శక్తి తక్కిన వారికంటె తక్కువగా నున్నదని 1996లో ప్రకటించిరి. పరీక్ష బహు సుందరమైనది. అయినను ఆ రక్తము వ్యాధి వచ్చిన తరువాత తీసినది గనుక, శక్తి తక్కువగుటచే వ్యాధి వచ్చెనా, వ్యాధి వచ్చుటచే శక్తి తగ్గెనా యను సందేహము మిగిలియే యున్నది.

పుట్టుకతో వచ్చు జన్యువుల విషయమున ఈ సందేహమునకు తావులేదు. 2008లో మూడు పరిశోధక బృందములు వేఱువేఱుగ వెదకి, పదునైదవ క్రోమోజోమునందు ఒకే చోటికి చేరినవి. అయితే అచ్చటనున్నవి నికొటినును పట్టుకొను గ్రాహకములను నిర్మించు జన్యువులు. అవి ఊపిరితిత్తిని నేరుగ దుర్బలము చేయునా, లేక మనిషిని పొగకు మఱింత బానిసను చేసి ఆ మార్గమున హాని కలిగించునా యని తగవు పుట్టెను. రెండవ మార్గమునకే నా మనస్సు మొగ్గుచున్నది.

ఇటీవలి కాలమున జన్యువు మారకయే దానిపై నుండు రసాయనికపు ముద్రలు మారుటను గమనించుచున్నారు. పొగత్రాగువారి తెల్లకణములలో ఏ.హెచ్.ఆర్.ఆర్. అను జన్యువుపై నుండవలసిన మిథైల్ ముద్రలు గణనీయముగ తగ్గిపోవును. ఆరోగ్యముగ నున్నపుడే తీసి శీతలీకరించి దాచిన రక్తమును, ఏండ్ల తరువాత వారిలో క్యాన్సరు సోకినవారిని గుర్తించి మరల పరీక్షింపగా, వారిలో ఈ ముద్రలు ముందుగనే మిక్కిలి తగ్గియుండెనని 2015లో ప్రకటింపబడెను. పొగ మానినవారిలో ఇవి మెల్లమెల్లగ కొన్నియేండ్లకు పూర్వస్థితి వైపు మరలుచుండుట మఱియొక విశేషము.

ఇంతవరకు ప్రాణరక్షణ చేసినట్లు రుజువైన పరీక్ష రక్తపరీక్ష కాదు. చిరకాలము పొగత్రాగిన 53,454 మందితో అమెరికాలో జరిగి 2011లో ఫలితము వెలువడిన ప్రయోగములో, తక్కువ మోతాదు సి.టి. స్కానింగు వలన ఊపిరితిత్తుల క్యాన్సరు మరణములు 20 శాతము తగ్గెను. అయితే ఆ స్కానింగులో కనబడిన మచ్చలలో అత్యధికము నిరపాయకరములే. అట్టి మచ్చలకై ఎందఱో వృథాగ భయపడి, తదుపరి పరీక్షలకు లోనైరి. ఎవరికి స్కానింగు చేయవలెనో, ఏ మచ్చను అనుమానింపవలెనో తేల్చుటకు నాలుగైదు సూచికలను కూర్చి రక్తపరీక్ష నొకటి సిద్ధపఱచుటయే నేటి ప్రయత్నము. అది సఫలమగుదాక వేచియుండ నక్కరలేని సంగతి యొకటి మాత్రము బ్రిటిష్ వైద్యులనే యేబదియేండ్లు వెంబడించి డాల్, పీటో ప్రభృతులు 2004లో ప్రకటించిరి: ముప్పదవ యేట పొగ మానినవారికి సుమారు పదేండ్లు, నలుబదవ యేట తొమ్మిదేండ్లు, ఏబదవ యేట ఆరేండ్లు, అఱువదవ యేట మానినవారికి సైతము మూడేండ్లు ఆయువు కలిసివచ్చుచున్నది.