ఒకే ఊరు, రెండు పాటలు

కుందూనది పారిన మేర రేనాడు. నల్లమలకు పడమట నల్లరేగడి పరచుకొన్న ఈ సీమ పేరు తెలుగు శాసనమంత పాతది. కలమళ్ల శాసనం వేయించిన ఎరికల్ ముత్తురాజు ఈ రేనాటిని ఏలిన చోళుడే. ఆళ్లగడ్డ వీధులలో పొద్దున్నే వినవచ్చేది శిల్పుల ఉలి చప్పుడు. ఈ ఊరి శిల్పులు రాతిని మలచి దేశం నలుమూలలకూ దేవతలను పంపుతున్నారు. కాని ఈ నేల తన వీరుని చాలకాలం రాతికి అప్పగించలేదు, పాటకు అప్పగించినది. ఆళ్లగడ్డకు పడమట ఉన్న ఉయ్యాలవాడ నరసింహారెడ్డి కథ గ్రంథాలకు ఎక్కకముందే కోలాటపు కర్రల మీదికి, బుర్రకథ తంబురా మీదికి ఎక్కినది.

ఆ పాటకు పల్లవి ‘సైరా’ అనే మాట. ‘సై’ అనడం మెచ్చుకోలు, సమ్మతి, సవాలు కూడా. పద్యకవి నాలుగు విశేషణాలు పేర్చి చెప్పే దానిని పల్లెటూరి గాయకుడు ఈ రెండక్షరాలలో తేల్చినాడు. ముందు పాడేవాడు చరణం ఎత్తుకొంటాడు, చుట్టూ ఉన్నవారు ‘సైరా’ అని అందుకొంటారు. అక్కడ వినేవాడు, పాడేవాడు అనే భేదం చెరిగిపోతుంది. వీరగాథకు ఇంతకంటె సభ ఏమి కావాలి?

చరిత్ర మాత్రం పాటంత సూటిగా నడవదు. 1800లో నిజాం ఈ జిల్లాలను కుంఫిణీవారికి ధారపోసినాడు. ప్రిన్సిపల్ కలెక్టరుగా వచ్చిన థామస్ మన్రో పాలెగాండ్ర అధికారాన్ని ఊడబెరికి, బదులుగా కొందరికి తవర్జీ అనే భరణం ఏర్పాటు చేసినాడు. కోటలు పోయి రసీదులు మిగిలినవి. ఉయ్యాలవాడ నరసింహారెడ్డికి నెలకు వచ్చేది పదకొండు రూపాయలకు పైన కొన్ని అణాలు. మాతామహుడైన నొస్సం జయరామిరెడ్డి వంశానికి చెల్లవలసిన భరణం కుంఫిణీ ఖజానాలోనే కలిసిపోయినది. అందులో తన వాటా అడిగితే దొరలు కాదన్నారు.

ఇంతమాత్రమే అయితే అది ఒక పాలెగాని వ్యాజ్యం. కాని అదే కాలంలో కట్టుబడుల మాన్యాలకు కూడా గండం వచ్చినది. ఊరి కావలి కాసి, అందుకు ప్రతిఫలంగా ఈనాము భూమి సాగు చేసుకొనే సామాన్యులు వీరు. మాన్యం పోతే వారికి మిగిలేది కర్రే. 1846 జూలైలో నరసింహారెడ్డి వెంట కోయిలకుంట్ల ఖజానాపై పడినవారిలో బలం వీరిదే. వడ్డె ఓబన్న, గోసాయి వెంకన్న వంటి పేర్లు రేనాటి జ్ఞాపకంలో నిలిచినది ఇందువల్లనే. తిరుగుబాటు గిద్దలూరు, కంభం వైపు పాకినది. కుంఫిణీ పటాలాలు వెంటాడినవి. 1846 అక్టోబరు 6న పేరుసోముల కొండ దగ్గర నరసింహారెడ్డి పట్టుబడినాడు. దాదాపు వేయిమందిపై వారంటులు పుట్టినవి. 412 మందిని నేరారోపణ లేకుండానే విడిచిపెట్టినారు, 112 మందికి శిక్షలు పడినవి. 1847 ఫిబ్రవరి 22 ఉదయం కోయిలకుంట్లలో రెండువేలమందికి పైగా జనం చూస్తుండగా ఉరి జరిగినది. తలను కోటగుమ్మాన వ్రేలాడదీసి, 1877 దాకా దింపలేదు.

ముప్పై ఏండ్లు! ఊరికి భయం నేర్పడానికి పెట్టిన గుర్తు అది. ఆ తల కింద సంతకు పోయినవారు, పెండ్లిబండ్లు తోలుకొనిపోయినవారు ఇంటికి వచ్చి పాడుకొన్నది ‘సైరా’ అనే. దొరల రికార్డులో అతడు బందిపోటు. పాటలో భరణం సంగతి సోదిలోకి రాదు. కొందరు చరిత్రకారులకు ఇది లోపంగా కనిపించవచ్చును. కాని పదకొండు రూపాయల కోసం వేయిమంది ప్రాణాలకు తెగించి కొండలు ఎక్కరు కదా! కలెక్టరు కాగితం ఒక మనిషి ఫిర్యాదును వ్రాసుకొన్నది, పాట వేయిమంది ఫిర్యాదును వ్రాసుకొన్నది. రెండూ చదువుకోవలసినవే.

ఈ ఊరికి మరొక పాట కూడా ఉన్నది. అదే ఉయ్యాలవాడకు చెందిన బుడ్డా వెంగళరెడ్డి 1866 నాటి కరువులో గాదెలు తెరిచి వేలమందికి గంజి పోసి బ్రతికించిన దాత. విక్టోరియా రాణి ఆయనకు బంగారు పతకం పంపినది. ఇంగ్లీషువారి కుంఫిణీ ఉరితీసిన మనిషీ, ఇంగ్లీషు రాణి పతకమిచ్చిన మనిషీ ఒకే ఊరివారు. రేనాటి గాయకునికి ఇందులో ఇబ్బంది తోచలేదు. ఇద్దరినీ పాడినాడు. వీరుని ఎదిరించినందుకు, దాతను పెట్టినందుకు మెచ్చినాడు గాని, లండనువారి తీర్పు చూసి ఎవరినీ మెచ్చలేదు. తెలుగు వీరగాథలపై పరిశోధించిన తంగిరాల వేంకట సుబ్బారావు గారు ఈ ఇద్దరిని గురించిన గ్రంథానికి ‘రేనాటి సూర్యచంద్రులు’ అని పేరు పెట్టడంలో ఎంతో ఔచిత్యమున్నది.

పాట ఒక జాతికి గుర్తుగా మారడం ఇంగ్లండులోను జరిగినది. 1903లో సోమర్సెట్‌లోని ఒక పల్లెలో మతగురువు ఇంటితోటలో పని చేస్తూ కూనిరాగం తీసిన తోటమాలి పాటను సెసిల్ షార్ప్ విని వ్రాసుకొన్నాడు. ఆ తోటమాలి పేరు జాన్ ఇంగ్లండ్ కావడం కాకతాళీయమే గాని, తరువాతి కథకు అది పీఠిక వంటిది. పొలం పనివాడు పాడినది పాఠశాలలకు ఎక్కినది, పియానో మీదికి ఎక్కినది, ‘ఇంగ్లీషుతనం’ అయి కూర్చున్నది. నూరేండ్లు తిరిగేసరికి అక్కడి తీవ్రజాతీయవాద పక్షం ఒకటి ఆ పాటలను తన సొత్తుగా చెప్పుకోబోయినది. గాయకులే అడ్డుపడి, జానపద సంగీతాన్ని ద్వేషానికి వాడుకోవద్దని 2009లో ఒక ఉద్యమం లేవదీసి కచేరీలు చేసినారు. అడవిలో దాగి అధికారిని దోచిన రాబిన్ హుడ్ పాటలు పాడుకొనే జాతికి కోయిలకుంట్ల పాట అర్థం కాకపోలేదు. పాలకులై వచ్చినవారికి మాత్రం అర్థం కాలేదు.

రేనాటిలో అంత దూరం పోలేదు. కాని పాట వేదిక ఎక్కినది. దత్తమండలమన్న పేరు అవమానమని, 1928లో నంద్యాల సభలోనే ఈ ప్రాంతానికి రాయలసీమ అని పేరు పెట్టుకొన్నారు. తమ వారసత్వాన్ని తామే పిలుచుకోవాలన్న ఆ పట్టుదల ఇక్కడ కొత్తది కాదు. 2019లో చలనచిత్రం వచ్చి ‘సైరా’ మాటను దేశమంతటా మ్రోగించినది. 2021లో ఓర్వకల్లు విమానాశ్రయానికి నరసింహారెడ్డి పేరు పెట్టినారు. 2022లో నంద్యాల జిల్లా ఏర్పడి, ఉయ్యాలవాడ, కోయిలకుంట్ల, ఆళ్లగడ్డ అందులో చేరినవి. జయంతులకు, వర్ధంతులకు సభలు, సభలకు పాటలు. సంతోషించవలసినదే.

అయితే సభలో పాటకు దక్కేది ప్రధానవక్త వచ్చేలోగా మిగిలిన సమయం. రాత్రంతా సాగవలసిన కథను పది నిమిషాలకు కత్తిరించమంటే, గాయకుడు గుర్రమెక్కిన దొరను ఉంచి వెంట నడిచిన కట్టుబడులను తీసివేస్తాడు. మైకు ముందు ఒక్కడే నిలబడతాడు గనుక ‘సైరా’ అని అందుకొనే వంత కూడా పోతుంది, జనం చప్పట్లతో సరిపెట్టుకొంటారు. ఆపైన, ఈ వీరుడు మా కులంవాడంటే మా కులంవాడని వేదిక కింద వాదులాట! బుడ్డా వెంగళరెడ్డి పాటను అడిగేవారు మరీ తక్కువ. గంజి పోసినవానికి ఊరేగింపు ఏమిటనుకొంటారు కాబోలు.

పూర్తి కథ తెలిసిన గాయకులు ఇంకా ఉన్నారు, వృద్ధులైనారు. వారిని పదినిమిషాల వేదిక మీదికి కాక ఒక రాత్రి ఊరి రచ్చకట్ట మీదికి పిలిచి, రెండు పాటలూ మొదటినుండి చివరిదాకా పాడించి, వ్రాసుకోవలసిన పని ముందున్నది. దానికి కావలసినవి ఒక దీపం, నలుగురు వంతవారు, తెల్లవారేదాకా కూర్చొనే ఓపిక.