డ్రగ్స్ కేసులో స్టార్ ప్లేయర్‌కు ఒక రూల్.. మామూలోడికి ఇంకోటా? చట్టంలో ఏముందంటే..

బనగానపల్లె: పేరున్న ఆటగాడు డ్రగ్స్ కేసులో ఇరుక్కుంటే నాలుగు రోజులు హడావుడి, ఆ తర్వాత అంతా సైలెంట్. అదే బనగానపల్లె బస్టాండ్‌లో ఓ కుర్రాడు గంజాయి మూటతో దొరికాడనుకుందాం. నెలల తరబడి జైల్లోనే. డబ్బున్నోళ్లకు వేరే చట్టం ఉందా అని జనం అడిగేది ఇందుకే. పుస్తకంలో అయితే లేదు. 1985 నాటి ఎన్‌డీపీఎస్ చట్టం మనిషిని చూడదు, తూకం చూస్తుంది. అసలు చిక్కంతా ఆ తూకం దగ్గరే.

గంజాయి కిలో వరకు చిన్న మొత్తం. శిక్ష ఏడాదికి మించదు, జరిమానాతోనూ పోవచ్చు. 20 కిలోలు దాటితే వాణిజ్య పరిమాణం. కనీసం 10 ఏళ్లు, గరిష్ఠంగా 20 ఏళ్ల జైలు, లక్షకు తగ్గని జరిమానా. పైగా సెక్షన్ 37 అడ్డం పడుతుంది. నిందితుడు నేరం చేయలేదని, బయటకొచ్చాక మళ్లీ చేయడని నమ్మేందుకు తగిన కారణాలు కోర్టుకు కనిపిస్తేనే బెయిల్. చార్జిషీటుకు పోలీసులకు 180 రోజుల గడువు, అవసరమైతే ఏడాది దాకా పొడిగింపు.

మరి 20 కిలోలు మోసేదెవరు? పార్టీకి వెళ్లే సెలబ్రిటీ జేబులో గ్రాములే ఉంటాయి. ఏజెన్సీ నుంచి సరుకు దాటించే బండిలో దొరికేది కిరాయికి వచ్చిన డ్రైవరో, కూలీనో. సరుకు అసలు ఓనర్ ఫోన్ స్విచ్ఛాఫ్! అంటే చట్టంలోని గట్టి దెబ్బ పడేది ఎక్కువగా పేదోడి మీదే.

ఆటగాళ్ల కేసుల్లో ఏం జరిగింది?

2012 మే 20న ముంబై జుహూలోని ఓ హోటల్‌లో రేవ్ పార్టీపై పోలీసులు దాడి చేశారు. పుణె వారియర్స్ ఆటగాళ్లు రాహుల్ శర్మ, వేన్ పార్నెల్ అక్కడే ఉన్నారు. డ్రగ్స్ తీసుకోలేదని ఇద్దరూ చెప్పారు. రక్తం, మూత్రం నమూనాలు తీసుకుని వదిలేశారు. ల్యాబ్ రిపోర్టు మాత్రం పాజిటివ్ వచ్చింది. వదిలేయడం ఒక్క పలుకుబడి వల్లే అనలేం. డ్రగ్స్ వాడకానికి సెక్షన్ 27 కింద శిక్ష హెరాయిన్, కొకైన్‌కు ఏడాది వరకు, గంజాయికి ఆరు నెలల వరకే.

బాక్సర్ విజేందర్ సింగ్ కథ రివర్స్. 2013లో భారీ హెరాయిన్ కేసులో పంజాబ్ పోలీసులు ఆయన పేరు బయటపెట్టారు. ఆయన ఖండించారు. తర్వాత నాడా పరీక్షలో డ్రగ్స్ ఆనవాళ్లు దొరకలేదు. అప్పటికే దేశమంతా ఆయన పేరు మోగిపోయింది. పేరుంటే ఈ బాధ కూడా ఉంటుంది మరి. రష్యాలోనైతే అమెరికా బాస్కెట్‌బాల్ స్టార్ బ్రిట్నీ గ్రైనర్‌కు గ్రాము కూడా నిండని గంజాయి నూనెకు 2022లో తొమ్మిదేళ్ల శిక్ష వేశారు. ఖైదీల మార్పిడిలో అదే ఏడాది డిసెంబరులో బయటపడ్డారు. మామూలు ఖైదీ కోసం ఏ దేశం బేరం ఆడుతుంది?

జామీను దగ్గరే అసలు తేడా

మన దగ్గర బెయిల్ వచ్చినా జైలు తలుపు తెరుచుకోదు. ఇద్దరు జామీనుదారులు, ఆస్తి పత్రాలు కావాలి. నాపరాళ్ల గనుల్లో కూలికి పోయే ఇంట్లో అవెక్కడివి? అందుకే 2023 జనవరిలో సుప్రీంకోర్టు కొన్ని ఆదేశాలిచ్చింది. బెయిల్ వచ్చిన 7 రోజుల్లో విడుదల కాకపోతే జైలు సూపరింటెండెంట్ జిల్లా న్యాయ సేవాధికార సంస్థకు చెప్పాలి. నెలైనా జామీను పెట్టలేకపోతే కోర్టే షరతు సడలించే విషయం చూడొచ్చు. విచారణ సాగదీసినా ఊరుకోనక్కర్లేదు. వాణిజ్య పరిమాణం గంజాయి కేసులో ఏడేళ్లకు పైగా జైల్లో మగ్గిన ఓ విచారణ ఖైదీకి సుప్రీంకోర్టు 2023 మార్చిలో బెయిల్ ఇచ్చింది.

ఇంకో దారి కూడా ఉంది. చిన్న మొత్తంతో దొరికిన బానిస తనంతట తానే గుర్తింపు ఉన్న చోట చికిత్సకు ముందుకొస్తే సెక్షన్ 64ఏ కింద ప్రాసిక్యూషన్ నుంచి మినహాయింపు దొరకొచ్చు. సెలబ్రిటీ లాయర్‌కు ఇది నోటికొచ్చు. కుర్రాడి తల్లికి చెప్పేవారే ఉండరు. లాయర్‌ను పెట్టుకోలేని వాళ్లు న్యాయ సహాయ హెల్ప్‌లైన్ 15100కు ఫోన్ చేయొచ్చు. అరెస్టయిన రోజే చేస్తే మేలు.