అర్థశాస్త్రమున స్త్రీల పీఠము

ఇంటి జమాఖర్చు ఇల్లాలి చేతిలో నుండుట మనమెరిగినదే. దేశపు జమాఖర్చును విచారించు అర్థశాస్త్రమున మాత్రము ఆమెకు ఆచార్యపీఠము చిరకాలము దుర్లభమయ్యెను.

ఇంగ్లండునందలి కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయమున జోన్ రాబిన్సన్ 1925లో చదువు ముగించెను. అచ్చట స్త్రీలకు పురుషులతో సమానముగ పట్టములిచ్చుట 1948లో గాని మొదలుకాలేదు. 1933లో ఆమె వెలువరించిన గ్రంథము విఖ్యాతమైనది. కొనువాడొక్కడే యైనచో అమ్మువారికి తగిన వెల రాదనియు, పని యిచ్చువాడొక్కడే యైనచో కూలి తగ్గుననియు అందు నిరూపించెను. ఒక్క షావుకారే వచ్చు కళ్లములో ధాన్యమమ్మినవారికి నేను వేరుగ చెప్పవలెనా? ఆమె విద్యకును అట్టి బేరమే తటస్థించెనని నా తలంపు. ఆచార్యపదవి 1965లో, అరువది దాటిన పిదప లభించెను. ఆ వయసునకు నావంటి బడిపంతులు పింఛను పుచ్చుకొనుచుండును.

అర్థశాస్త్రమునకు నోబెల్ బహుమానము 1968లో ఏర్పడెను. 1983లో ఆమె గతించువరకు అది ఏ స్త్రీకిని రాలేదు. 2009లో అమెరికా దేశస్థురాలు ఎలినార్ ఆస్ట్రమ్ తొలుత పొందెను. ఊరుమ్మడి యడవులను, కాలువలను గ్రామస్థులే కట్టుబాట్లతో కాపాడుకొనగలరని ఆమె చూపెను.