తాగిన చుక్క కాలేయంతో ఆగదు

కుండలో మిగిలిన కల్లును రెండు రోజులు వదిలేస్తే ఏమవుతుందో గీత పనివారికి ఎవరూ చెప్పనక్కర్లేదు. పులిసి, ఘాటెక్కి, నోట పెట్టలేనంత పుల్లనవుతుంది. కంటికి కనిపించని సూక్ష్మక్రిములు అందులోని మత్తు పదార్థాన్ని సిర్కాలో వుండే ఎసిటిక్ ఆమ్లంగా మార్చేస్తాయి. ఇంచుమించు అదే పని తాగినవాడి కాలేయంలోనూ జరుగుతుంది. కల్లు కానివ్వండి, బ్రాందీ కానివ్వండి, నాటుసారా కానివ్వండి, లోపలికి పోయిన ఆల్కహాలును కాలేయం రెండు అంచెల్లో విరుస్తుంది. మొదటి అంచెలో ఎసిటాల్డిహైడ్ అనే విషం పుడుతుంది. రెండో అంచెలో ఆ విషం ఎసిటేట్‌గా మారుతుంది. ఎసిటేట్ అంటే మరేమీ కాదు, సిర్కాలోని ఆమ్లానికి మరో రూపం.

ఈ ఎసిటేట్ కాలేయం నుంచి రక్తంలోకి వస్తుంది. గుండె, కండరాలు వగైరా అవయవాలు దాన్ని వంటచెరకులా మండించుకుని శక్తి తీసుకుంటాయి. చివరికి మిగిలేది బొగ్గుపులుసు వాయువు, నీరు. వైద్య విద్యార్థులు చాలా ఏళ్లపాటు ఇంతవరకే చదువుకున్నారు.

కథ అక్కడితో ముగియలేదని 2019లో తేలింది. అమెరికాలోని పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయానికి చెందిన షెల్లీ బెర్గర్, ఫిలిప్ మ్యూస్ తదితర శాస్త్రజ్ఞులు ఎలుకల మీద చేసిన ప్రయోగాల ఫలితాలను ఆ ఏడాది 'నేచర్' పత్రికలో ప్రకటించారు. తాగిన ఆల్కహాలు ముక్కల్లో కొన్ని మెదడుకు చేరి, అక్కడ జన్యువులు చుట్టుకుని వుండే మాంసకృత్తుల మీద అతుక్కుంటున్నాయని వారు కనిపెట్టారు. తాగుడు వదలాలనుకుని వదలలేకపోయే వాడి అవస్థకు ఇదొక కారణం కావచ్చునని వారి అనుమానం.

కండెకు చుట్టిన నూలు

ఇది బోధపడాలంటే ముందు జన్యువుల సంగతి కొంచెం తెలియాలి. మన ఒంట్లో ప్రతి జీవకణంలోనూ కేంద్రకం అనే చిన్న గది వుంటుంది (ఎర్ర రక్తకణాల వంటి కొన్నింటికి లేదు). ఆ గదిలో డిఎన్ఏ అనే దారం వుంటుంది. ఒక్క కణంలోని దారాన్ని విప్పి చాపితే దాదాపు 2 మీటర్ల పొడవు. అది దాగి వున్న గది వెడల్పు మిల్లీమీటరులో నూరో వంతు కూడా వుండదు. అంత దారం చిక్కు పడకుండా అక్కడ ఎలా ఇమిడింది? చేనేత కుటుంబాలవారు ఊహించుకోగలరు. నూలు కండెకు చుట్టినట్లు డిఎన్ఏ కూడా కండెలకు చుట్టుకుని వుంటుంది. ఈ కండెలు హిస్టోన్లు అనే మాంసకృత్తులతో తయారవుతాయి. ఎనిమిది హిస్టోన్లు కలిసి ఒక కండె. దాని చుట్టూ దారం ఒకటిన్నర చుట్లకు కొంచెం పైగా తిరుగుతుంది. అలాంటి కండెలు ఒక్కో కణంలో కోట్ల కొద్దీ వుంటాయి.

మనిషికి సుమారు 20,000 జన్యువులు వున్నాయి. అన్ని కణాల్లోనూ వుండేవి అవే. అయినా కాలేయం కాలేయంలా, మెదడు మెదడులా పనిచేస్తున్నాయి. ఎక్కడ ఏ జన్యువు విప్పారాలి, ఏది ముడుచుకుని వుండాలి అనేదానిలోనే తేడా వుంది. గట్టిగా బిగించి చుట్టిన నూలును మగ్గానికి ఎక్కించలేరు. వదులైన చోటనే కణం జన్యువును చదవగలదు.

వదులు చేసేది ఏమిటి? 1964లో న్యూయార్క్‌లోని రాక్‌ఫెల్లర్ సంస్థలో విన్సెంట్ ఆల్‌ఫ్రే, ఆయన సహచరులు హిస్టోన్ల మీద ఎసిటైల్ అనే చిన్న రసాయన ముక్క అతుక్కుంటోందని, అలా అతుక్కోవడానికీ జన్యువులు పనిచేయడానికీ సంబంధం వుందని చెప్పారు. హిస్టోను తోకకు ధన విద్యుదావేశం, డిఎన్ఏ దారానికి రుణ విద్యుదావేశం. అందుకే రెండూ పట్టుకుని వుంటాయి. ఎసిటైల్ ముక్క వచ్చి కూర్చుంటే తోకలోని ఆవేశం తగ్గి పట్టు సడలుతుంది. ఆల్‌ఫ్రే మాటను పట్టించుకున్నవారు చాలాకాలం తక్కువే. 1996లో డేవిడ్ ఆలిస్ అనే శాస్త్రజ్ఞుడు ఆ ముక్కను అతికించే ఎంజైమును టెట్రాహైమినా అనే ఏకకణజీవిలో పట్టుకున్నారు. చెరువు నీటిలో తిరిగే అంత చిన్న జీవి ఇంత పెద్ద గుట్టు విప్పింది. అదే ఏడాది, ఆ ముక్కను ఊడదీసే ఎంజైము కూడా మరో ప్రయోగశాలలో దొరికింది. ఒకటి అతికిస్తుంది, మరొకటి ఊడదీస్తుంది. కణంలో రాత్రింబవళ్లు ఈ రెండు పనులూ సాగుతూనే వుంటాయి.

తిండి గింజ, విత్తన గింజ ఒకే గాదెలో

మరి అతికించే ఎసిటైల్ ముక్కలు ఎక్కడి నుంచి వస్తాయి? మనం తిన్న తిండి నుంచే. అన్నంలోని పిండిపదార్థం, నూనెలోని కొవ్వు కణంలో విరిగి చివరకు ఎసిటైల్ కోఎంజైమ్-ఏ అనే ఒకే సరుకుగా మారతాయి. కణం దాన్ని మండిస్తే శక్తి. మండించకుండా కేంద్రకంలోకి పంపితే హిస్టోన్లకు అతికే ముక్క. రైతు గాదెలోని వడ్లు ఎలాగో ఇదీ అలాగే. దంచితే అన్నం, దాచి చల్లితే పంట. గాదె నిండుగా వుందా, అడుగంటిందా అనేదాన్ని బట్టి ఇంట్లో పనులు మారినట్లే, ఈ సరుకు ఎంత వుందో దాన్ని బట్టి కణం కొన్ని జన్యువులను తెరుస్తుంది, కొన్నింటిని మూస్తుంది.

2009లో ఈ లెక్కకు రుజువు దొరికింది. కణంలో గ్లూకోజు నుంచి ఈ సరుకును తయారుచేసే ఒక ఎంజైమును తగ్గిస్తే, గ్లూకోజు ఎంత వున్నా హిస్టోన్ల మీద ముక్కలు తగ్గిపోయాయని పెన్సిల్వేనియాలోనే మరో బృందం చూపింది. కణం కడుపుకూ జన్యువుకూ మధ్య వున్న దారి అప్పటికి స్పష్టమైంది.

మెదడు కణాల దగ్గర ఇంకో ఏర్పాటు కూడా వుంది. ఎసిఎస్ఎస్-2 అనే ఎంజైము ఎసిటేట్‌ను తీసుకుని నేరుగా ఎసిటైల్ కోఎంజైమ్-ఏగా మారుస్తుంది. ఈ పనికి దానికి ఏటీపీ అనే శక్తి నాణెం ఖర్చవుతుంది. ఏటీపీ అనగానే తెలుగువారికి గుర్తు రావలసిన పేరు ఒకటి వుంది. భీమవరంలో 1895లో పుట్టిన ఎల్లాప్రగడ సుబ్బారావు, హార్వర్డ్‌లో ఫిస్కేతో కలిసి 1929లో దాన్ని కండరాల నుంచి వేరుచేసినవారిలో ఒకరు. జర్మనీలో లోమాన్ కూడా అదే ఏడాది కనిపెట్టాడు.

ఈ ఎసిఎస్ఎస్-2 మెదడులో జ్ఞాపకాలను పదిలపరిచే హిప్పోక్యాంపస్ అనే భాగంలో, అదీ కేంద్రకంలోనే కాపురముంటుందని 2017లో బెర్గర్ బృందమే తెలిపింది. దాన్ని తగ్గించిన ఎలుకలు, ఏ వస్తువు ఎక్కడ వుండేదో గుర్తుంచుకోలేకపోయాయి. అప్పుడు శాస్త్రజ్ఞులకు ఒక ప్రశ్న పుట్టింది. జ్ఞాపకానికి ఎసిటేట్ కావాలి. తాగినప్పుడు రక్తంలో ఎసిటేట్ ఉప్పెనలా వచ్చిపడుతుంది. మరి అదెటు పోతోంది?

గొర్రెకు రంగు పూసినట్లు

మందలో తన గొర్రెను గుర్తుపట్టడానికి కాపరి దానికి రంగు పూస్తాడు. శాస్త్రజ్ఞులు చేసిందీ అదే. మామూలు హైడ్రోజనుకు బదులు బరువైన హైడ్రోజనుతో తయారైన ఆల్కహాలును ఎలుకలకు ఎక్కించారు. తర్వాత మెదడులోని హిస్టోన్లను తీసి, పరమాణువుల బరువు చెప్పే యంత్రంలో తూచారు. బరువైన ముక్కలు కొన్ని గంటల్లోనే హిస్టోన్ల మీద కనిపించాయి. కాలేయం విరిచిన ఆల్కహాలు ముక్క రక్తంలో ప్రయాణించి మెదడు కణం కేంద్రకంలో, జన్యువు చుట్టుకున్న కండె మీద కూర్చుందన్నమాట. హిప్పోక్యాంపస్‌లో ఎసిఎస్ఎస్-2ను తగ్గించిన ఎలుకల్లో ఇది బాగా తగ్గిపోయింది. ఆల్కహాలు లేకుండా ఒట్టి ఎసిటేట్ ఎక్కించినా ముక్కలు అలాగే చేరాయి. మెదడు కణాలను విడిగా పెంచి ఎసిటేట్ పోస్తే, నేర్చుకోవడానికీ జ్ఞాపకానికీ సంబంధించిన జన్యువులు పనిలోకి దిగాయి.

తర్వాత చేసిన ప్రయోగం మన ఊళ్లలో అందరికీ అర్థమయ్యేది. రెండు గదుల పెట్టె. ఒక గదిలో వుంచినప్పుడు ఎలుకకు ఆల్కహాలు ఇచ్చారు, రెండో గదిలో ఇవ్వలేదు. కొన్నాళ్ల తర్వాత ఏమీ ఇవ్వకుండా వదిలితే, మామూలు ఎలుకలు ఆల్కహాలు దొరికిన గదిలోనే ఎక్కువసేపు గడిపాయి. ఎసిఎస్ఎస్-2 తగ్గించిన ఎలుకలకు మాత్రం రెండు గదులూ ఒకటే.

తాగుడు మానినవాడు పది రోజులు బాగానే వుండి, పాత దుకాణం మలుపు దగ్గరకు రాగానే కాళ్లు అటే లాగుతున్నాయంటాడు. ఇంట్లోవాళ్లు దాన్ని బుద్ధి లేకపోవడం అంటారు. ఆ మలుపు, ఆ వాసన, ఆ స్నేహితుల మాటలు జ్ఞాపకంగా గట్టిపడటానికి తాగిన చుక్కే ముడిసరుకు అందిస్తోందన్నది ఈ పరిశోధన చెప్పే మాట. అయితే ఎలుక మనిషి కాదు. మనిషి తాగుడులో అప్పులు, ఒళ్లు నొప్పులు, తోటివారి బలవంతం, ఇంటి గొడవలు కూడా వున్నాయి. వాటిని ఏ యంత్రమూ తూచలేదు. ఎంజైమును చూపి తాగుబోతు తప్పించుకోజాలడు. కానీ దుకాణం కనుచూపు మేరలో వుంటే మానడం కష్టమని చెప్పే ఆడవారి మాటను కొట్టిపారేయడానికి కూడా వీల్లేదు. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంట మహిళలు ముందు మూయించింది ఊళ్లోని సారా దుకాణాన్నే. ఆ ఉద్యమం రాష్ట్రమంతా పాకి 1993 అక్టోబరు 1 నుంచి సారా నిషేధం వచ్చింది.

కడుపులో బిడ్డకూ వాటా

బృందం చూసినవాటిలో అన్నిటికంటే కలవరపెట్టేది వేరే వుంది. చూలు ఎలుకకు గుర్తు వేసిన ఆల్కహాలు ఇచ్చినప్పుడు, ఆ బరువైన ముక్కలు కడుపులోని పిల్లల మెదడు హిస్టోన్ల మీద కూడా కనిపించాయి. తల్లి తాగింది బిడ్డ జన్యువుల కండెల దాకా చేరిందన్నమాట. మెదడు కట్టుకునే రోజుల్లో ఏ జన్యువు ఎప్పుడు తెరుచుకోవాలి అనేది నారుమడిలో అదను లాంటిది. దాని వరస చెదిరితే తర్వాత సరిదిద్దడం కష్టం.

గర్భిణి తాగితే బిడ్డకు చేటు అనేది కొత్త మాట కాదు. అలా పుట్టిన పిల్లల్లో ఎదుగుదల లోపం, ముఖం తీరులో తేడా, బుద్ధిమాంద్యం కనబడుతున్నాయని ఫ్రాన్సు వైద్యులు 1968లో, అమెరికా వైద్యులు 1973లో రాశారు. ఎంత తాగితే ఫరవాలేదు అనే కొలత ఇంతవరకు ఎవరూ తేల్చలేదు. ఒళ్లు నొప్పులకనీ, చలువ చేస్తుందనీ చూలింతకు కల్లు పట్టించే అలవాటు ఎక్కడైనా వుంటే దాన్ని ఇకనైనా కట్టిపెట్టాలి.

మానిన రెండోనాడు

అతికిన ముక్కలు శాశ్వతం కావు. ఊడదీసే ఎంజైములు వాటిని తీసేస్తూనే వుంటాయి. అయితే రోజూ తాగేవాడి మెదడు ఈ పోటుకు అలవాటు పడిపోతుంది. ఉన్నట్టుండి మానేస్తే తిరగబాటు వస్తుంది. 2008లో చికాగోలో సుభాష్ పాండే బృందం ఎలుకల్లో దీన్ని చూసింది. ఆల్కహాలు ఇచ్చినప్పుడు, భయాందోళనలకు నెలవైన మెదడు భాగంలో హిస్టోన్ల మీద ముక్కలు పెరిగాయి. అలవాటైన తర్వాత ఆపితే, ఊడదీసే ఎంజైము జోరెత్తి ముక్కలు తగ్గిపోయాయి, ఎలుకలు బెదురుతూ మూలకు నక్కాయి. ఆ ఎంజైమును అడ్డుకునే మందు ఇస్తే బెదురు తగ్గింది.

ఏళ్ల తరబడి ఎక్కువగా తాగినవారు ఒక్కసారిగా మానేస్తే చేతులు వణకడం, చెమటలు, నిద్ర పట్టకపోవడంతో ఆగకపోవచ్చు. మొదటి రెండు రోజుల్లో మూర్ఛ రావచ్చు. రెండు మూడు రోజులు గడిచాక కొందరు లేనివి కనబడుతున్నాయని కలవరిస్తారు. ఊళ్లో దీన్ని గాలి సోకిందని భూతవైద్యుడి దగ్గరకు తీసుకుపోతారు. ఇది ప్రాణం తీయగల జబ్బు. ఆస్పత్రిలో వైద్యం వుంది. దీక్ష పట్టే ముందు డాక్టరుకు చూపించుకుంటే సగం ప్రమాదం తప్పుతుంది.

ఎసిఎస్ఎస్-2ను అదుపుచేసి తాగుడు మాన్పించే మందు వాడకంలో లేదు. అది ఇంకా పరిశోధన దశలోని మాట. ఇప్పుడు వున్న మందుల్లో ఒకటి మాత్రం ఈ దారిలోనే, ఇంకా ముందు అంచెలో పనిచేస్తుంది. దాని పేరు డైసల్ఫిరాం. 1948లో డెన్మార్కు వైద్యులు దాన్ని తాగుడుకు వాడవచ్చని ప్రకటించారు. అది కాలేయంలో రెండో అంచెను ఆపేస్తుంది. విషం ఎసిటేట్‌గా మారక రక్తంలోనే పేరుకుంటుంది. మాత్ర వేసుకుని తాగితే ముఖం ఎర్రబడి, వాంతులై, గుండె దడదడలాడుతుంది. ఆ భయంతో మనిషి తాగడు. రోగికి అన్నీ చెప్పి, అతని ఒప్పుదలతో, గుండె, కాలేయం పరీక్షించిన తర్వాతే డాక్టర్లు దీన్ని ఇస్తారు.

కొన్ని ఇళ్లలో భర్తకు తెలియకుండా ఇలాంటి మాత్రలు పొడిచేసి కూరలో కలిపి పెడుతుంటారు. పత్రికల్లో ప్రకటనలు చూసి తెప్పించిన పేరులేని పొడులు కూడా అలాగే వాడుతుంటారు. వారి కడుపుమంట అర్థం చేసుకోదగిందే. కానీ తిన్న సంగతి తెలియని మనిషి ఆ సాయంత్రం ఎప్పటిలాగే తాగుతాడు. అప్పుడు రక్తపోటు పడిపోయి గుండె ఆగినా ఆగవచ్చు. ఇప్పటికే కలిపి పెట్టినవారు, అతనికి ఆ సంగతి వెంటనే చెప్పాలి. మాత్ర ఆపిన తర్వాత కూడా రెండు వారాల వరకు దాని ప్రభావం వుంటుంది గనుక ఆ రోజుల్లో చుక్క ముట్టకుండా చూడాలి, డాక్టరు దగ్గర ఏదీ దాచకూడదు.