సుడోకుకు రెండు జవాబులు వస్తే తప్పెవరిది?

ఖైరతాబాద్: ఆదివారం వచ్చిందంటే ఆబిడ్స్‌లో పెద్ద దుకాణాలకు సెలవు. మూసిన తలుపుల ముందు, కాలిబాటల మీద పాత పుస్తకాలు గుట్టలుగా వెలుస్తాయి. నాంపల్లి స్టేషనులో రైలు దిగినవారూ, ఖైరతాబాద్, లకడీకాపూల్ మీదుగా సిటీ బస్సులో వచ్చినవారూ అక్కడ ఆగి బేరమాడుతుంటారు. పాత నవలలు, పాఠ్యపుస్తకాలు, ఉద్యోగ పరీక్షల గైడ్లతో పాటు అంకెల గళ్ళ పుస్తకాలు కూడా వెతికేవారికి దొరుకుతుంటాయి. పాత పుస్తకం కనుక వాటిలో కొన్ని లెక్కలను అంతకుముందే ఎవరో పెన్సిలుతో పూర్తిచేసి వుంటారు.

పెన్సిలుతో నింపిన లెక్క ఒకటి, పుస్తకం చివర అచ్చయిన జవాబు మరొకటి అయితే ఎవరైనా మొదట శంకించేది పెన్సిలునే. అచ్చులో వున్నది తప్పెలా అవుతుందని మన నమ్మకం. కాని ఒక్కోసారి పెన్సిలు లెక్కా సరైనదే, అచ్చు లెక్కా సరైనదే అవుతుంది. అప్పుడు తప్పు లెక్క చేసినవారిది కాదు, లెక్క పెట్టినవారిది. ఈ సంగతి తెలియక, మరునాడు వచ్చిన జవాబుతో తమది సరిపోలేదని నొచ్చుకుని, "ఇది మనకు అబ్బే విద్య కాదులే" అని పేపరు మడిచి పక్కన పెట్టేవారు వూళ్ళలోనూ వుంటారు.

నియమాలు మూడే

సుడోకు ఆడటానికి పెద్ద చదువు అక్కరలేదు. కూడికలు, తీసివేతలు కూడా వుండవు. తొమ్మిది అడ్డువరుసలు, తొమ్మిది నిలువువరుసలు, మొత్తం 81 గళ్ళు. మళ్ళీ వాటిని మూడేసి గళ్ళ పొడవు, వెడల్పు గల తొమ్మిది చిన్న చదరాలుగా విడదీసి వుంటారు. ప్రతి అడ్డువరుసలోనూ, ప్రతి నిలువువరుసలోనూ, ప్రతి చిన్న చదరంలోనూ 1 నుంచి 9 వరకు అంకెలు ఒక్కొక్కటి ఒక్కసారే రావాలి. కొన్ని గళ్ళలో అంకెలు ముందే వేసి ఇస్తారు. వాటిని ఆధారం చేసుకుని మిగతావి నింపాలి.

ముందే ఇచ్చిన ఆ అంకెలను పొలం హద్దురాళ్ళతో పోల్చవచ్చు. రాళ్ళన్నీ చోటున వుంటే హద్దు ఒక్కటే. ఒక రాయి లేకపోతే ఇరుగు రైతు చెప్పిన గట్టూ, పొరుగు రైతు చెప్పిన గట్టూ రెండూ మిగిలిన రాళ్ళకు సరిపోతాయి. ఇద్దరిలో అబద్ధమాడిన వాడెవడూ వుండడు. లేనిదల్లా రాయే.

పుట్టింది అమెరికాలో, పేరు జపానుది

ఈ ఆట జపానులో పుట్టిందని చాలామంది అనుకుంటారు. నిజానికి అమెరికాలో ఇండియానా రాష్ట్రానికి చెందిన హోవార్డ్ గార్న్స్ అనే విశ్రాంత భవన శిల్పి దీనిని తయారుచేయగా, 1979లో డెల్ సంస్థ పజిల్ పత్రికలో "నంబర్ ప్లేస్" పేరుతో అచ్చయింది. తన ఆట లోకమంతా పాకడం చూడకుండానే ఆయన 1989లో కన్నుమూశారు. 1984లో జపానులోని నికోలి సంస్థ దీనిని తన పాఠకులకు పరిచయం చేసింది. "అంకెలు ఒంటరిగానే వుండాలి" అనే అర్థం వచ్చే పొడవాటి జపాను మాటను కుదించగా సుడోకు అయింది. ఆ మాటకు అక్కడ పెళ్ళికానివారు అనే అర్థం కూడా వుండటం చమత్కారం.

హాంకాంగ్‌లో న్యాయమూర్తిగా పనిచేసి విశ్రాంతి తీసుకున్న వేన్ గౌల్డ్ 1997లో టోక్యోలోని ఒక పుస్తకాల దుకాణంలో ఈ గళ్ళను చూశారు. వాటిని తయారుచేసే కంప్యూటర్ ప్రోగ్రాం రాయడానికి ఆయనకు ఆరేళ్ళు పట్టింది. 2004 నవంబరు 12న లండన్ "టైమ్స్" పత్రికలో ఆయన గళ్ళు అచ్చయ్యాయి. మరుసటి ఏడాదికల్లా ప్రపంచమంతా సుడోకు జ్వరం పట్టుకుంది. మన దేశపు పత్రికల్లోకి, తెలుగు దినపత్రికల్లోకి కూడా అలాగే వచ్చింది. 2017లో ప్రపంచ సుడోకు పోటీలకు మన పొరుగున వున్న బెంగుళూరే వేదిక అయింది.

రెండో జవాబు ఎలా వస్తుంది?

సక్రమంగా తయారైన సుడోకుకు ఒకే ఒక్క జవాబు వుండాలన్నది అందరూ పాటించే కట్టుబాటు. ఆ కట్టుబాటు ఎలా తప్పుతుందో కాగితం మీద గళ్ళు గీసుకుని చూస్తే తేలికగా తెలుస్తుంది.

మొదటి, రెండో అడ్డువరుసలు తీసుకోండి. వాటిలో మూడో గడి, ఏడో గడి మాత్రం ఖాళీగా మిగిలాయనుకుందాం. అంటే మొత్తం నాలుగు గళ్ళు. వాటిలో పట్టే అంకెలు 4, 7 మాత్రమే. పై వరుసలో 4, 7 వేసి, కింది వరుసలో 7, 4 వేస్తే లెక్క కుదురుతుంది. తారుమారు చేసి పైన 7, 4, కింద 4, 7 వేసినా కుదురుతుంది. అడ్డంగా చూసినా, నిలువుగా చూసినా, చిన్న చదరంలో చూసినా 4 ఒకటే, 7 ఒకటే. ఏది సరైనదో నియమాలు చెప్పవు. ఆ నాలుగింటిలో ఏదో ఒక గడిలో ముందే అంకె ఇచ్చి వుంటే తగాదాయే లేదు.

ఇందులో విశేషమేమంటే 81 గళ్ళలో 77 నిండి, నాలుగే ఖాళీగా వున్నా రెండు జవాబులు రావచ్చు. కనుక ఎక్కువ అంకెలు ఇచ్చారు గదా, జవాబు ఒకటే వుంటుందిలే అనుకోవడానికి లేదు.

మరో కిటుకు కూడా వుంది. ముందే ఇచ్చిన అంకెలన్నిటిలో 8 గాని, 9 గాని ఎక్కడా కనిపించలేదనుకుందాం. అప్పుడు పూర్తయిన లెక్కలో 8 వున్నచోటల్లా 9, 9 వున్నచోటల్లా 8 వేస్తే అదీ సరైన జవాబే. అందుచేత ఒకే జవాబు రావాలంటే తొమ్మిది అంకెల్లో కనీసం ఎనిమిది రకాలు ముందుగా కనిపించి తీరాలి. గళ్ళ మీద ఒకసారి కళ్ళు తిప్పితే చాలు, ఈ లోపం పట్టుకోవచ్చు.

అసలు ఎన్ని అంకెలు ఇస్తే చాలు అన్న ప్రశ్న శాస్త్రజ్ఞులను చాలాకాలం వేధించింది. 17 అంకెలతోనే ఒకే జవాబు వచ్చే లెక్కలు వేల సంఖ్యలో దొరికాయి గాని, 16తో ఒక్కటీ దొరకలేదు. ఐర్లండ్ దేశంలోని డబ్లిన్‌లో గేరీ మెక్‌గ్వైర్ బృందం కంప్యూటర్ల సాయంతో అన్ని రకాల గళ్ళనూ గాలించి, 16 అంకెలతో అది అసాధ్యమని 2012 జనవరిలో ప్రకటించింది. కాబట్టి పత్రికలో గాని, పుస్తకంలో గాని 16 లేదా అంతకు తక్కువ అంకెలిచ్చిన సుడోకు కనిపిస్తే దానికి ఒకే జవాబు వుండే ప్రశ్నే లేదు.

కొండవాలున 1,905 జవాబులు

ఇలాంటి పొరపాటు చిన్నవారికే జరుగుతుందనుకోరాదు. 2005లో ఇంగ్లండులోని స్కై వన్ టెలివిజన్ తన సుడోకు కార్యక్రమం ప్రచారానికి బ్రిస్టల్ నగరం దగ్గర చిపింగ్ సాడ్‌బరీ అనేచోట కొండవాలున 275 అడుగుల పొడవు, అంతే వెడల్పు గల సుడోకును మలిపించింది. అంత పెద్దది ప్రపంచంలో మరొకటి లేదని చెప్పుకున్నారు. తీరా జనం కూర్చుని లెక్క తేల్చేసరికి దానికి ఒకటి కాదు, రెండు కాదు, 1,905 జవాబులు వున్నట్లు బయటపడింది. గళ్ళ కొలత మీద పెట్టిన శ్రద్ధ అంకెల మీద పెట్టకపోతే ఏమవుతుందో చెప్పడానికి ఇంతకంటే నిదర్శనం అక్కరలేదు.

అచ్చులో జారిన అంకె

లెక్క తయారుచేసినవారు జాగ్రత్తపడినా అచ్చులో అంకె జారిపోతే మళ్ళీ అదే గొడవ. ఒక అంకె అచ్చుపడకపోతే రెండు మూడు జవాబులు రావచ్చు. ఒక అంకెకు బదులు మరొకటి పడితే సాధారణంగా ఒక్క జవాబూ రాదు, ఎంత కుస్తీపట్టినా గళ్ళు నిండవు. జిరాక్సు కాపీల్లో, మరకలు పడిన పాత పుస్తకాల్లో ఈ ప్రమాదం మరీ ఎక్కువ.

తయారుచేసేవారు పాటించవలసిన పద్ధతి ఒక్కటే. లెక్కకు ఒక జవాబు దొరకగానే చేతులు దులుపుకోకుండా రెండో జవాబు కోసం వెతకాలి. దొరికితే మరో అంకె ముందుగా ఇచ్చి దారి మూయాలి. నేడు ఈ పని కంప్యూటర్ క్షణాల్లో చేస్తుంది. చేయించాలన్న పట్టింపు మాత్రం మనిషికి వుండాలి.

సరిచూసుకోవడం ఎలా?

మీ లెక్క అచ్చయిన జవాబుతో సరిపోకపోతే దానిని వెంటనే కొట్టివేయవద్దు. ముందుగా, ఇచ్చిన అంకెలను మీరు మార్చలేదని రూఢి చేసుకోండి. తర్వాత తొమ్మిది అడ్డువరుసలు, తొమ్మిది నిలువువరుసలు, తొమ్మిది చిన్న చదరాలు ఒక్కొక్కటే సరిచూడండి. ఎక్కడా అంకె రెండుసార్లు పడకపోతే మీ జవాబు సరైనదే, అచ్చులో ఏమున్నా సరే. ఇక రెండింటికీ తేడా వున్న గళ్ళ చుట్టూ సున్నా చుట్టండి. నాలుగే గళ్ళు తేలి, రెండు అంకెలు చోటు మార్చుకుని కనిపిస్తే రోగం ఎక్కడుందో తెలిసినట్లే.

ఒక్కమాట మాత్రం గుర్తుంచుకోవాలి. ఆరితేరిన కొందరు "జవాబు ఒకటే గదా" అన్న ధీమాతో, రెండు విధాలుగా కుదిరే దారిని ముందే తోసిపుచ్చుతారు. లెక్క పెట్టినవారు నికార్సయినవారైతే అది మంచి కిటుకే. కాకపోతే ఆ కిటుకే పక్కదారి పట్టిస్తుంది.

నాంపల్లిలో ఒక్క మార్కు

సుడోకులో జవాబు తప్పినా పోయేది ఒక పూట కాలక్షేపమే. ఆబిడ్స్ కాలిబాట మీద గైడ్లు కొనుక్కుని వెళ్ళే పల్లెటూరి నిరుద్యోగికి మాత్రం ఇది బతుకుతెరువు ప్రశ్న. ఉద్యోగ పరీక్షల గైడ్లలో వరుస అంకెల లెక్కలు వుంటాయి. 2, 4, 8 తర్వాత ఏమిటని అడిగారనుకోండి. రెట్టింపు చేసుకుంటూ పోతే 16. తేడాలు చూస్తే 2, 4, ఆ పైన 6, అంటే 14. రెండూ సబబుగానే కనిపిస్తాయి. ఇంకో అంకె ముందుగా ఇచ్చి వుంటే ఈ చిక్కు వచ్చేది కాదు. ఇక్కడా లోపించింది హద్దురాయే. జవాబుల్లో 14, 16 రెండూ ఇస్తే అభ్యర్థి ఏది గుర్తించాలి? ఒక్క మార్కుతో ఉద్యోగం చేజారేచోట ఈ ప్రశ్న చిన్నది కాదు.

రాష్ట్రంలో సర్కారీ కొలువుల పరీక్షలు పెట్టే పబ్లిక్ సర్వీస్ కమిషన్ కార్యాలయం వున్నది ఆబిడ్స్‌కు కూతవేటు దూరంలోని నాంపల్లిలోనే. ఈ పరీక్షల్లో ముందుగా ప్రాథమిక కీ విడుదల చేసి, అభ్యంతరాలకు గడువిచ్చి, నిపుణులు చూసిన మీదట తుది కీ ప్రకటించే పద్ధతి వుంది. అచ్చయిన జవాబే ఆఖరిమాట కాదని ఆ పద్ధతే ఒప్పుకుంటున్నదన్నమాట. అయితే గడువు లోపల, ప్రామాణిక పుస్తకం ఆధారంతో అభ్యంతరం పంపినవారి మాటకే విలువ. పట్నంలో కోచింగు తీసుకునేవారు ఆ పని గుంపుగా చేస్తారు. వూళ్ళో ఒంటరిగా చదువుకునే పిల్లలు "మనదే తప్పయి వుంటుంది" అని వూరుకుంటే నష్టపోయేది వారే.

అందుచేత ఇంట్లో పిల్లలు సుడోకు చేస్తుంటే పనికిమాలిన పనని కసురుకోనక్కరలేదు. జవాబు చూసి కాక నియమం చూసి తమ లెక్క తామే సరిచూసుకోవడం వారికి అలవాటైతే, రేపు పరీక్ష కీ ముందు కూడా బెదరకుండా నిలబడి అడగగలుగుతారు.