ఉగాది వారంలో ఒక వంటిల్లు - గంజ్ లెక్కకు అందని గిరాకీ

హైదరాబాదు: సరకు రాక, నిల్వలు, పై ఊళ్ళ కొనుగోళ్ళు - ఈ మూడూ చూసుకుని ఉస్మాన్‌గంజ్, బేగంబజార్ వర్తకులు ధర కడతారు. చార్మినార్ అవతలి గల్లీల్లో రాత్రి తొమ్మిదిన్నరకు పొయ్యి మీద ఏం వుడుకుతున్నదో ఏ చిట్టాలోనూ వుండదు. 2025 మార్చి ఆఖరి వారంలో మాత్రం ఆ సంగతి తెలుసుకోవలసిన అవసరం గంజ్‌కు కలిగింది. ఆ వారంలో రంజాన్ ముగింపు, ఉగాది, పదో తరగతి పరీక్షలు ఒకేసారి వచ్చాయి. వాటితోపాటు ఉల్లి, శనగ, బియ్యం మీద ప్రభుత్వ నిర్ణయాలు మూడు వచ్చిపడ్డాయి.

లాల్ దర్వాజా ప్రాంతంలోని ఒక యింటిని నమూనాగా తీసుకోవచ్చు. యింట్లో ఆరుగురు. యజమాని ఉస్మాన్‌గంజ్‌లో బియ్యం, పప్పుల టోకు దుకాణంలో గుమాస్తా. తమ్ముడు పత్తర్‌గట్టి బట్టల దుకాణంలో అమ్మకం మీద వుంటాడు. యిల్లాలు యింట్లోనే కుట్టు మిషను పెట్టుకుని రవికెలు, కుర్తాలు కుడుతుంది. కూతురు పదో తరగతి, కొడుకు ఏడో తరగతి. అందరికీ పెద్ద దిక్కు అత్తగారు. రంజాన్ ఆఖరి పది రోజులు మదీనా నుంచి చార్మినార్ దాకా బజారు తెల్లవారుజాము వరకూ మూతపడదు కనుక తమ్ముడు యింటికి వచ్చేది సహరీ వేళకే. కోడలికి పండుగ కుట్టుపని అర్ధరాత్రి దాకా వుంటుంది. యింట్లో అందరూ ఒకేసారి కూర్చుని తినే పూట ఆ వారంలో ఆదివారం ఒక్కటే.

సోమవారం పప్పుచారు, ఆలుగడ్డ వేపుడు. ఈ పప్పుచారు దగ్గర పప్పుల వ్యాపారులు కాస్త ఆగవలసి వుంది. 2024 వేసవిలో చిల్లరగా కందిపప్పు కిలో 150 రూపాయలు దాటి పోయినప్పుడు ఈ యింట్లో వారానికి నాలుగు రోజుల కందిపప్పు రెండు రోజులకు తగ్గింది. మిగిలిన రెండు రోజులకు ఎర్రపప్పు వచ్చి కూర్చుంది. 2025 తొలి నెలల్లో కొత్త కంది రాక పెరిగి, ధర క్వింటాలుకు 7,550 రూపాయల మద్దతు ధర కిందికి జారినది. సుంకం లేని దిగుమతికి గడువు 2026 మార్చి 31 దాకా పొడిగించటంతో ఎక్కువ ధరకు పట్టుకున్నవారి ఆశ కూడా సన్నగిల్లింది. ధర దిగింది గదా అని కోడలు మళ్ళీ నాలుగు రోజులూ కందిపప్పే వండుతున్నదా అంటే, లేదు. మూడు రోజులకే వచ్చి ఆగింది.

కారణం రుచి గాదు, పొద్దు. ఎర్రపప్పు తొందరగా వుడుకుతుంది, గ్యాసు తక్కువ పడుతుంది. ఒకసారి చేయి అలవాటు పడ్డాక రెండో పప్పును వంటింట్లోనుంచి పంపించటం తేలిక కాదు. 2015 అక్టోబరులో కందిపప్పు కిలో 200 రూపాయల దగ్గరకు వెళ్ళినప్పుడు కూడా యిదే జరిగిందని పాత గుమాస్తాలు అంటారు. ధర ఎక్కినప్పుడు పోయిన గిరాకీ, ధర దిగినప్పుడు పూర్తిగా తిరిగి రాదు. తాండూరు కందికి 2022లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. రుచిలో దానికి పోటీ లేదని ఈ అత్తగారు కూడా ఒప్పుకుంటారు. అయినా కెనడా, ఆస్ట్రేలియాల నుంచి దిగిన ఎర్రపప్పు ఆమె కోడలి డబ్బాలో స్థిరపడిపోయింది. ఆ ఎర్రపప్పు మీద 2025 మార్చి 8 నుంచి పది శాతం దిగుమతి సుంకం పడింది గాని, మంగళవారం రాత్రి ఖిచిడీ చేసేటప్పుడు ఆ ప్రస్తావన ఎవరూ తేలేదు. ఏకాదశి గనుక అత్తగారు అన్నం ముట్టలేదు. మిగిలినవారికి ఎర్రపప్పు ఖిచిడీ, చింతపండు ఖట్టా, అప్పడం. పాత బస్తీలో పొద్దుటి పూట తినే ఖిచిడీ ఈ యింట్లో పని తొందర వల్ల రాత్రికి మారింది.

బుధవారం కోడిగుడ్ల పులుసు. ఆ రోజు లెక్కల పరీక్ష రాసి వచ్చిన పిల్లకు గుడ్డు పెట్టాలని నాయనమ్మ పట్టు. ఉల్లిగడ్డ మీది 20 శాతం ఎగుమతి సుంకాన్ని ఏప్రిల్ 1 నుంచి ఎత్తివేస్తున్నట్టు కేంద్రం అంతకు నాలుగు రోజుల ముందు, మార్చి 22న ప్రకటించింది. మలక్‌పేట గంజ్‌లో దాని మీద చర్చ బాగానే నడిచింది. గల్లీలోకి తోపుడు బండి మీద వచ్చే ఉల్లిగడ్డ మాత్రం ఆ వార్త విన్నట్టు లేదు. 2023 డిసెంబరులో ఎగుమతులు నిషేధించినప్పుడు గాని, 2024 మేలో ఆ నిషేధం తీసినప్పుడు గాని ఈ యింట్లో పులుసులోకి తరిగే గడ్డల సంఖ్య మారలేదు. ఉల్లి విషయంలో గృహిణి గొణుగుతుంది గాని, కొనడం మానదు.

గురువారం వంట లేదు. పక్క యింటివారు పెద్ద గిన్నెడు హలీం పంపారు. పైన వేయించిన ఉల్లిగడ్డ, నిమ్మకాయ చెక్కలు సహా. అత్తగారు మాత్రం పెరుగన్నంతో సరిపెట్టుకున్నారు.

వారం మొత్తంలో అసలు బేరం శుక్రవారం రాత్రి జరిగింది, అదీ పచ్చిపులుసు ముందు. అది జుమాతుల్ విదా. మక్కా మసీదు వైపు దారులు జనంతో నిండి, మీర్ ఆలం మండీ నుంచి కూరగాయలు తెచ్చే వీలు లేకపోయింది. యింట్లో వున్నది చింతపండు, ఉల్లిగడ్డ, పచ్చిమిరప. పచ్చిపులుసుకు అంతకంటె ఏం కావాలి? చింతపండు డబ్బా అడుగు గీరుతూ అత్తగారు లేవదీసిన మాట యిది:

"ఉగాది వచ్చె. కొత్త చింతపండు దిగి నెల దాటె. పది కిలోలు తెప్పియ్యి బిడ్డా. గింజ తీసి, ఉప్పు కలిపి జాడీకెత్తుత. యేడాది దాకా చూసుకునే పని లేదు."

"పది కిలోలు పెట్టనీకి జాగ యాడుంది అత్తమ్మా? జాడీలు పెట్టిన కాడనే నా మిషను పెట్టుకున్న. అర కిలో ప్యాకెట్లు తెచ్చుకుంటే అయిపాయె."

గుమాస్తా అన్నం కలుపుకుంటూ వూరుకున్నాడు. దుకాణంలో యజమానికీ, కొనుగోలుదారుకూ మధ్య నిలబడి మాట్లాడటం అతనికి రోజూ అలవాటే గాని, ఈ బేరంలో నోరు విప్పితే రెండు వైపులా నష్టమని ఎరుగును.

చిన్న తగవే, కాని బేగంబజార్ మొత్తానికి సంబంధించిన తగవు. ఒక తరం కిందటి వరకూ హైదరాబాదు యిళ్ళలో మాఘం నుంచి వైశాఖం దాకా యేడాది సరుకు కొనే కాలం. హిందూపురం నుంచి, పాలమూరు పల్లెల నుంచి వచ్చే చింతపండు, మలక్‌పేటలో దిగే మిరప, నిజామాబాదు పసుపు, కందులు, బియ్యం - అన్నీ పంట చేతికి వచ్చిన వేళకే మధ్యతరగతి యిల్లు ఎత్తుకునేది. రాక ముమ్మరంగా వుండి ధర దిగజారే రోజుల్లో, యిళ్ళలోని జాడీలు, డబ్బాలు, గోనెసంచులు కలిసి ఒక పెద్ద గోదాముగా పనిచేసేవి. ఆ గోదాముకు అద్దె లేదు, వడ్డీ లేదు, నిల్వల పరిమితి లేదు. ధర తగ్గిందంటే యింకో రెండు కిలోలు ఎక్కువ ఎత్తేది. అందువల్ల పంట కాలపు పతనానికి ఒక అడ్డుకట్ట వుండేది.

ఆ అడ్డుకట్ట ఎంత సన్నబడిందో 2025 మిరప చూపింది. అంతకు ముందు ధరలతో పోలిస్తే మిరప బాగా పడిపోయి, ఆంధ్రప్రదేశ్ రైతుల కోసం క్వింటాలుకు 11,781 రూపాయల చొప్పున మార్కెట్ జోక్యం పథకాన్ని కేంద్రం ఆ ఫిబ్రవరిలో ప్రకటించవలసి వచ్చింది. అంత చవకలో కూడా ఈ యింటి కోడలు కొన్నది కారం ప్యాకెట్టే. చవక అయిందని కూరలో కారం ఎవరూ రెట్టింపు చెయ్యరు. చవకలో పెరగవలసింది నిల్వ కొనుగోలు. అది వారపు ప్యాకెట్టుగా మారిన తరువాత నిల్వ భారమంతా శీతల గిడ్డంగి మీద, వర్తకుడి అప్పు మీద పడుతున్నది. ప్యాకెట్టు మీద లాభం మరొకరిది.

తప్పు కోడలిదని అత్తగారి పక్షం వహించేవారు వుంటారు. అది సరి కాదు. రెండు గదుల యింట్లో మిషను రోజూ సంపాదిస్తుంది, జాడీ సంపాదించదు. గింజ తీయటానికి, మిరపకాయల తొడిమలు గిల్లి గిర్నీకి పంపటానికి పట్టే రెండు మూడు రోజుల్లో ఆమె కుట్టగల రవికెల కూలి లెక్కవేస్తే, యేడాది సరుకులో మిగిలే డబ్బు దానికి చాలదు. గంజ్ వర్తకులు ఈ లెక్క గట్టి, గింజ తీసిన చింతపండును రెండు మూడు కిలోల మూటలుగా సీజనులోనే యింటికి చేర్చగలిగితే బేరం యింకా వున్నది.

శనివారం అమావాస్య. తగవు అయిదు కిలోల దగ్గర రాజీ అయింది. గుమాస్తా సాయంత్రం బేగంబజార్‌లో చింతపండు కట్టించుకుని స్కూటరు మీద తెచ్చాడు. దానితోపాటు బెల్లం, రెండు కిలోల శనగపప్పు కూడా. శనగల మీద ఏప్రిల్ 1 నుంచి పది శాతం దిగుమతి సుంకం అనే నిర్ణయం ఆ వారంలోనే వెలువడింది. దుకాణాల్లో పాత సరకు వుండగానే భక్ష్యాల పప్పు కొనేశానని అతను యింట్లో చెప్పుకున్నాడు గాని, పండుగ ముందురోజు చిల్లర గిరాకీలో ఆ తెలివికి దక్కిన తగ్గింపు ఏమీ లేదు. నూనె సంగతి మరీ చిత్రం. 2024 సెప్టెంబరులో ముడి నూనెల మీద మూల సుంకం 20 శాతానికి పెంచినప్పటి నుంచి నూనె ప్యాకెట్టు ధర చూసి కోడలు ముఖం చిట్లిస్తూనే వుంది. పామాయిల్ తన చవకదనాన్ని పోగొట్టుకుని, 2025 జనవరిలో దాని దిగుమతులు పదేళ్ళకు పైగా ఎన్నడూ లేనంత తక్కువకు పడిపోయాయి. అయినా భక్ష్యాలు నేతితోనే కాల్చారు. పండుగ నాడు నూనె లెక్క చూడటం అత్తగారి రాజ్యంలో లేదు.

ఆదివారం ఉగాది. పలచని పచ్చడి, భక్ష్యాలు, పులిహోర, మామిడికాయ పప్పు. తమ్ముడు కూడా మధ్యాహ్నం రెండు గంటలు సెలవు దొరికించుకుని వచ్చాడు. ఆ సాయంత్రమే హుజూర్‌నగర్‌లో ముఖ్యమంత్రి రేవంత్ రెడ్డి రేషను కార్డులకు సన్న బియ్యం పథకం ప్రారంభించారు. మనిషికి ఆరు కిలోలు, ఉచితం, ఏప్రిల్ 1 నుంచి పంపిణీ. లబ్ధిదారులు సుమారు మూడు కోట్లమంది అన్నది ప్రభుత్వం లెక్క.

శనివారం దుకాణం మూసేటప్పుడు షావుకారు గుమాస్తాను పక్కకు పిలిచి, "మీ యింట్లో వచ్చే నెల బియ్యం కొంటరా?" అని అడిగాడు. గుమాస్తా అప్పుడు నవ్వేశాడు. పండుగ పూట పులిహోర తింటూ భార్యతో లెక్క వేశాడు. యింటికి నెలకు కావలసింది యాభై రెండు కిలోలు, అంటే 26 కిలోల బస్తాలు రెండు. 2022 జులైలో పాతిక కిలోల వరకు ప్యాకింగ్ సరకు మీద జి.ఎస్.టి. వచ్చాక పుట్టిన బస్తా అది. కార్డులో పేర్లు ఆరు, ముప్పై ఆరు కిలోలు వస్తాయి. అంతకు ముందు వచ్చే దొడ్డు బియ్యం యింట్లో దోశె పిండికి, అటుపైన ఎవరికైనా యివ్వటానికి. అన్నం మాత్రం కొన్న సోనా మసూరిదే. 1983లో ఎన్.టి. రామారావు ప్రభుత్వం కిలో రెండు రూపాయల బియ్యం తెచ్చినా, తరువాత ధర ఎన్నిసార్లు మారినా, సన్న బియ్యం బజారు తన దారిన తాను నడవటానికి ఆధారం ఈ తేడాయే. ఆ తేడా పోతే, ఈ యిల్లు నెలకు బజారులో కొనవలసింది పదహారు కిలోలు. నెలకు రెండు బస్తాల గిరాకీ నెలన్నరకు ఒక బస్తా అవుతుంది.

"కొత్త బియ్యమైతే మెత్తగైతది. పాతవి కలిపి వండాలె," అన్నది అత్తగారు. బియ్యం వర్తకులు గుర్తుపెట్టుకోదగ్గ మాట. పాత బియ్యానికి గిరాకీ చావదు, కాని అది కలుపుకునే బియ్యంగా మిగులుతుంది. సన్న ధాన్యానికి క్వింటాలుకు 500 రూపాయల బోనస్ 2024 ఖరీఫ్ నుంచి యిస్తున్నందున రైతు మొగ్గు అటు, కార్డుదారు మొగ్గు యిటు. మధ్యలో మిల్లరు, టోకు వర్తకుడు తమ సరకు వయసు మీద బతకాలి.

మర్నాడు రంజాన్ పండుగ. పక్క యింటి నుంచి షీర్ ఖుర్మా వచ్చింది. ఆ గిన్నె ఖాళీగా తిరిగి పోకుండా భక్ష్యాలు వెళ్ళాయి.

ఏప్రిల్‌లో ఈ యిల్లు ఒక బస్తా కొన్నది, మేలో కొనలేదు. ముడి నూనెల సుంకం మే 30న పది శాతానికి తగ్గింది. వానాకాలం ముందుచూపుతో జూన్‌లో మూడు నెలల రేషను ఒకేసారి యిచ్చారు. ఆరుగురికి నూట ఎనిమిది కిలోలు. రెండు ఆటో ట్రిప్పుల్లో వచ్చిన ఆ సంచులు పెట్టడానికి చోటు లేక మిషనును కిటికీ పక్కకు జరిపారు. అత్తగారు వేపాకు ఎండబెట్టి సంచుల్లో కలిపింది. చింతపండు జాడీ మిషను కిందికి పోయింది.